పిప్పి చూడకుండా రాసిన రిపోర్టు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను వాదనలో ఓడిపోయింది చాలా తక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు, నేరం ఒప్పుకుంటున్నాను. కొత్తగా సుత్తీ భూతద్దమూ పట్టుకుని అడవిలోకి దిగుతున్న పిల్లలు ఈ నాలుగు పేజీలూ చదవండి. ఆడపిల్లలైతే మరీ. మీకు నోరుండాలని అందరికంటే ముందు అనేది నేనే. కానీ నేను గెలిచిన ఒక వాదన వల్ల నలభై మూడు ఇప్పచెట్లు కూలబోయాయి. ఆ సంగతి కూడా మీకు తెలియాలి.

మాది మధిర దగ్గర మిరప పండించే ఇల్లు. మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. ఖమ్మంలో చదువుకుని, భూగర్భశాస్త్రంలో పీజీ చేసి, కొండలెక్కే ఉద్యోగం ఆడపిల్లకెందుకన్న బంధువులందరితోనూ వాదించి మరీ భూగర్భ సర్వే శాఖలో చేరాను. అప్పటికే నోరు బాగా సాన పట్టి ఉంది. నా మొదటి పెద్ద పని కొత్తగూడెం దగ్గర అడవి అంచున మ్యాపు గీయడం. ఏ రాయి ఎక్కడుంది, ఎక్కడ మారుతోంది, ఎందుకు మారుతోంది, ఇవన్నీ వాగుల వెంట నడిచి కాగితం మీదికి ఎక్కించాలి. జూలూరుపాడులో ఎరువుల దుకాణం వెనక రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఉన్నది ముగ్గురం. మా సర్వే బృందం పెద్ద, నేను, జీపు డ్రైవరు.

మా పెద్దాయన కోనసీమ మనిషి. మాట మెత్తన, నడక నెమ్మది. ఆయనకో అలవాటుంది. ఏ రాయి పగలగొట్టినా భూతద్దం పెట్టే ముందు నాలుకతో ఒకసారి నాకేవాడు. నాకు ఒళ్లు మండేది. "సార్, ఈ వాగులో గేదెలు దిగుతాయి" అంటే, "తెలుసమ్మా" అని మళ్లీ నాకేవాడు. మా డ్రైవరు ఖమ్మం వాడు. మమ్మల్నిద్దర్నీ ఒక వారం గమనించి, హోటల్లో టీ పోసేవాడికి మా గురించి ఒక్క ముక్కలో చెప్పేశాడు.

"సారు రాయిని నాకి చూస్తడు. మేడం మనిషిని కొరికి చూస్తది."

ఇక రాయి సంగతి. అక్కడి వాగుల్లో బూడిదరంగు రాయి, దాని నిండా తెల్ల చారలు. కొన్ని దారమంత సన్నం, కొన్ని అరచేయంత వెడల్పు. చారల్లో అక్కడక్కడా దానిమ్మ గింజల్లాంటి ఎర్ర గార్నెట్లు. చూడ్డానికి ఎంత అందమో, వివరించడానికి అంత కష్టం. ఆ తెల్ల చార ఒకప్పుడు కరిగిన రాయి. అందులో ఎవరికీ అనుమానం లేదు. కరిగిన ఆ ద్రవం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే పేచీ.

పెద్దాయన ఒక బండ ముందు కూర్చుని, నాకి, చాలాసేపు చూసి అన్నాడు. "ఇవి ఎక్కడి నుంచో రాలేదేమోనమ్మా. ఈ రాయిలోంచే కారాయేమో చూడు."

నేను ఒప్పుకోలేదు. ఇంత తెలుపు, ఇన్ని చారలు రావాలంటే అడుగున పెద్ద గ్రానైటు ఉండాలని, దాని నుంచి ఈ చారలు వేళ్లలా పైకి చొచ్చుకొచ్చాయని నా వాదం. మూడు రోజులు భోజనాల దగ్గర ఇదే గొడవ. నేను చదివిందంతా గడగడా అప్పజెప్పాను. ఆయన ఒక మాట చెప్పేలోగా నేను ఐదు చెప్పేదాన్ని. నాలుగో రోజు ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "సరే, నువ్వే రాయి" అన్నాడు.

డ్రైవరు విస్తరి మీంచి తలెత్తి, "మిమ్మల్ని రాయి అంటున్నడు మేడం, అర్థమైందా?" అన్నాడు. అందరం నవ్వాం. నేను గెలిచాను కాబట్టి ఇంకొంచెం ఎక్కువ నవ్వాను.

రిపోర్టు నేనే రాశాను. "ఈ తెల్ల పట్టీలు అడుగున ఉన్న పెద్ద గ్రానైటు నుంచి చొచ్చుకొచ్చినవి." ఇదీ ఆ వాక్యం. చారల పక్కన కొన్నిచోట్ల నల్లటి అభ్రకం అంచులు కనబడితే వాటికీ ఒక వాక్యం కేటాయించి, చివర "ప్రాముఖ్యం లేనివి" అని తేల్చేశాను. కింద నా సంతకం, దాని కింద ఆయన సంతకం. రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోయింది.

బీరువాలోకి వెళ్లిన రిపోర్టు చచ్చిపోయిందనుకోవద్దు. ఇరవై ఏళ్లు గడిచాయి. బ్యాటరీల్లో వాడే లోహాల కోసం దేశమంతా వెతుకులాట మొదలైంది. పెద్ద గ్రానైటు చల్లారేటప్పుడు చివర మిగిలే ద్రవంలో అలాంటివి దొరికే అవకాశముంటుంది. ఎవరో కుర్రవాడు కంప్యూటర్లో పాత రిపోర్టులన్నీ జల్లెడ పడుతుంటే నా వాక్యం దొరికింది. అడుగున పెద్ద గ్రానైటు ఉందని ఆఫీసరమ్మే రాసింది కదా. ఇంకేం, డ్రిల్లింగు ప్రతిపాదన తయారైంది. పెద్ద యంత్రం రావాలి, అందుకు రోడ్డు కావాలి, ఆ రోడ్డు అడవి అంచునున్న ఒక చిన్న ఊరి పక్క చదునులోంచి పోవాలి. చదునులో ఇప్పచెట్లున్నాయి. ఎక్కడెక్కడ డ్రిల్లు వేయాలో గుర్తించే పని నాకే అప్పగించారు. నా గ్రానైటు నిజమని తేలబోతోందని నేనూ ఉత్సాహంగానే బయల్దేరాను. దాచడమెందుకు.

జులైలో వెళ్లాం. అదే డ్రైవరు, జుట్టు మాత్రం నెరిసింది. అటవీశాఖ వాళ్లు వెంట వచ్చి, పోయే చెట్లకు ఎర్రరంగుతో నంబర్లు వేశారు. ఒకటి నుంచి నలభై మూడు. ఊరివాళ్లు దూరంగా నిలబడి చూశారు. ఒక్కరూ అడ్డం రాలేదు, ఒక్కరూ మంచినీళ్లు ఇవ్వలేదు. ఆ పూలు, ఆ గింజలు వాళ్లకు ఏడాది పొడుగునా తిండి, నూనె. అది తెలియనంత అమాయకురాలిని కాదు నేను. పెద్ద పనికి కొన్ని పోతాయిలే అనుకున్నానంతే. మీరూ ఒకరోజు ఇలాగే అనుకుంటారు. అప్పుడు నన్ను తలుచుకోండి.

మర్నాడు మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఊరి చివరి ఇంటి పంచలోకి పరిగెత్తాను. ఆ ఇంటామె నా ఈడుదే. లోపల కోయలో ఎవరితోనో ఏదో అని, నాకు పీట వేసింది. పని మాత్రం ఆపలేదు. ఇప్పగింజల నూనె తీస్తోంది.

ఆ పని మీలో చాలామంది చూసి ఉండరు. ఎండిన గింజల్ని రోట్లో దంచుతారు. ఆ పిండిని చిల్లుల కుండలో పోసి, మరుగుతున్న నీళ్ల కుండ మీద పెట్టి ఆవిరికి ఉడికిస్తారు. వేడివేడిగా నారబుట్టలోకి ఎత్తి, రెండు బరువైన దుంగల మధ్య పెట్టి, పై దుంగ చివర తాడేసి బిగిస్తారు. ఆమె తాడు బిగించి దుంగ మీదెక్కి కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత బుట్ట ఒంటికి చెమట పట్టినట్టు మెరిసింది. చెమట బొట్లయింది. బొట్టూ బొట్టూ కలిసి సన్నటి చారై, కింది దుంగ మీద చెక్కిన గాడి వెతుక్కుని, గాడి వెంట ముంతలోకి జారింది.

పొడిపిండినే పిండొచ్చు కదా, ఈ ఆవిరెందుకని అడిగాను. నీళ్లు తగిలితేనే గింజ నూనె విడుస్తుందని, పొడిగా ఉంటే దుంగ విరిగినా ఇవ్వదని చెప్పింది. నన్ను మేడం అంటుంది, నువ్వు అనీ అంటుంది. నాకు అదే నచ్చింది.

ఆ తర్వాత అసలు మాట అడిగింది. చెట్లకు ఆ ఎర్ర నంబర్లేందని. ఆమెకు తెలుసు. నా నోటితో చెప్పించాలని అడిగింది. చెప్పాను. యంత్రం గురించి, రోడ్డు గురించి, వాగులో తెల్ల చారల గురించి, వాటి కింద ఉన్న పెద్ద రాయి గురించి. పుల్లతో నేల మీద బొమ్మ కూడా గీశాను. ఆమె దుంగ మీంచి దిగకుండానే బొమ్మ చూసింది. తర్వాత గాడిలో జారుతున్న చారను చూపించింది.

"గీ నూనె చార చూసి, కింద నూనె బాయి ఉందని తవ్వుతవా మేడం?"

"అది వేరక్కా."

"ఏంది వేరు? పిప్పి ఏడుందో చూసినవా? పక్కనే పిప్పి ఉంటే నూనె గాడనే పిండిన్రు. ఏడనుంచో రాలే."

నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ రోజూ నోటిదాకా వచ్చింది. కానీ నా కళ్లు బుట్ట వైపు పోయాయి. బుట్టలో మిగిలిన పిప్పి నల్లగా, బిరుసుగా ఉంది. నాకు నల్ల అంచులు గుర్తొచ్చాయి. ప్రాముఖ్యం లేనివి అని నేను రాసిన నల్ల అంచులు.

వాన తగ్గకముందే వాగుకు పోయాను. డ్రైవరు గొడుగు పట్టుకుని వెనకే తిట్టుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ల కింద మేం ఎండాకాలంలో తిరిగాం. అప్పుడు రాళ్లన్నీ దుమ్ము కొట్టుకుని ఒకటే బూడిదరంగులో ఉండేవి. ఇప్పుడు వానకు తడిసిన బండ మీద ప్రతి తెల్ల చారకూ రెండు పక్కలా నల్ల అంచు, పెన్నుతో గీసినట్టు. పెద్దాయన రాయిని ఎందుకు నాకేవాడో ఇరవై ఏళ్ల తర్వాత అర్థమైంది. తడిస్తేనే రాయి అంచులు చూపిస్తుంది.

నాలుగు రోజులు ఆ వాగు వదల్లేదు. ఏం చూశానో మీకు అర్థమయ్యేలా చెబుతాను. మన కాళ్ల కింద కొంతదూరం పోతే నిప్పుల సముద్రం ఉంటుందని చాలామంది అనుకుంటారు. డిగ్రీ చదివినవాళ్లు కూడా. లేదు. పాతిక ముప్పై కిలోమీటర్ల లోతున కూడా ఉన్నది రాయే, గట్టి రాయి. ఎంతో వేడెక్కినప్పుడు కూడా అది బెల్లంలా మొత్తం కరగదు. ముందు అందులోని అభ్రకం విరుగుతుంది. అభ్రకం లోపల బంధించి ఉన్న నీరు బయటికొస్తుంది. ఆ నీరు తగలగానే పక్కనున్న తెల్ల ఖనిజాలు తక్కువ వేడికే కరగడం మొదలుపెడతాయి. మొదట గింజకూ గింజకూ మధ్య చెమట. తర్వాత బొట్లు. భూమి ఆ రాయిని అటూ ఇటూ నొక్కుతూనే ఉంటుంది. ఆ నొక్కుడుకు బొట్లు కలిసి, ఎక్కడ సందు దొరికితే అక్కడికి జారి, చారవుతాయి. మిగిలిన నల్లటి పిప్పి చార పక్కనే ఉండిపోతుంది. ఎర్ర గార్నెట్లు కూడా ఆ కరిగేటప్పుడు పుట్టినవే. ఆవిరి, ఒత్తిడి, గాడి, పిప్పి. ఆ పంచలో ఒక్క మధ్యాహ్నంలో నేను చూసిందంతా ఇదే. నా పీజీకి రెండేళ్లు పట్టింది, అయినా చూడలేదు.

మూడో రోజు మాత్రం లెక్క తప్పింది. నా నడుమంత వెడల్పున్న తెల్ల పట్టీ ఒకటి కనబడింది. రెండు పక్కలా వెతికాను, నల్ల అంచు లేదు. నాలోని పాత మనిషి లేచి కూర్చుంది. చూశావా, ఇది బయటి నుంచి వచ్చిందే, నేను అన్నదే నిజం అంది. దాన్ని పట్టుకుని వాగు పైకి నడిచాను. ఒక మలుపులో గట్టు కోసుకుపోయి రాయి నిలువునా తేలింది. సన్న చారలన్నీ, పిప్పి ఉన్నవి, వంకలు వాగులో కలిసినట్టు వచ్చి ఆ పెద్ద పట్టీలో కలుస్తున్నాయి. అది వేరే చోట నుంచి వచ్చింది కాదు, చుట్టూ పిండిన నూనె పోగైన గాడి. అక్కడి నుంచి ఆ ద్రవం ఎటు పోతుంది? గట్టి రాయి కంటే తేలిక కాబట్టి పైకే పోతుంది. పైన ఎక్కడో పోగై చల్లారి పెద్ద గ్రానైటై ఉంటుంది. కానీ ఇప్పుడు మనం నిలబడిందే ఒకప్పటి ఆ లోతు. దాని మీదున్న కిలోమీటర్ల మందమంతా కోట్ల ఏళ్ల వానలకు అరిగి, ఎన్ని నదుల్లోనో కొట్టుకుపోయింది. అంటే నేను కింద ఉందని రాసిన కొండ, ఉంటే గింటే, పైన ఉండేది. ఇప్పుడు లేదు.

బండ మీద కూర్చుని నవ్వాను. డ్రైవరు ఏమైందని అడిగాడు. తప్పు రాశానని చెప్పాను. అతను, "గిది ఎవరితోని వాదించి తెలుసుకున్నరు మేడం?" అన్నాడు. నాతోనే అన్నాను. "అయితే గెలిచిన్రు, ఓడిన్రు. రెండు మీరే. సరిపోయింది" అన్నాడు.

ఖమ్మంలో పెద్దాయన ఇంటికి వెళ్లాను. రిటైరై పదేళ్లు దాటింది. మేడ మీద వాటాలో ఉంటున్నాడు, వినికిడి తగ్గింది. క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేని పని. అదీ చెవి వినబడని మనిషికి రెండుసార్లు, గట్టిగా చెప్పాల్సొచ్చింది. వీధిలో వాళ్లకు కూడా వినబడే ఉంటుంది. ఆయన నేను తెచ్చిన రాయి ముక్క తీసుకుని, నాకి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"నువ్వు గట్టిగా చెప్పావు, నేను మెత్తగా చెప్పి ఊరుకున్నానమ్మా. నీతో వాదించే ఓపిక లేక సంతకం పెట్టాను. అది నీ తప్పు కంటే చిన్నదేం కాదు."

మరి ఇప్పుడేం చేయమంటారని అడిగాను. "ఇప్పుడూ నువ్వే రాయి" అన్నాడు. "కింద నా సంతకం ఉందన్న సంగతి కూడా రాయి."

ఆ వారమే పై ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చాడు, చెట్ల నరికివేతకు చివరి తనిఖీ కోసం. అటవీశాఖ వాళ్లున్నారు, ఊరివాళ్లున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. నేను విషయం చెప్పాను. ఆయన నా పాత రిపోర్టు తెరిచి నా వాక్యం నాకే చదివి వినిపించాడు.

"అప్పుడు ఉందన్నదీ మీరే, ఇప్పుడు లేదంటున్నదీ మీరే. మిమ్మల్ని ఏ లెక్కన నమ్మాలి మేడం?"

న్యాయమైన ప్రశ్న. నేనైనా అదే అడిగేదాన్ని. నన్ను నమ్మొద్దన్నాను. వాగులోకి తీసుకెళ్లి, వానలేని ఆ రోజున ఎండిన బండ మీద ఆయన సీసాలో నీళ్లే పోశాను. నల్ల అంచులు తేలాయి. ఇప్ప నూనె సంగతి చెప్పి, మీకు నా భాష అర్థం కాకపోతే ఊరివాళ్లలో ఉన్న ఆ నూనె తీసే ఆమెను అడగండన్నాను. ఆమె ముందుకు వచ్చి ఆ అంచు మీద వేలు పెట్టి, ఇది పిప్పి, ఇది నూనె అని రెండే ముక్కలు చెప్పింది.

"మరి ఆ పెద్ద గ్రానైటు ఏమైనట్టు?" అన్నాడు.

"పైన ఉండేది సార్. డ్రిల్లు వేయాలనుంటే ఆకాశంలోకి వేయాలి."

డ్రైవరు దగ్గినట్టు నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. రెండు గంటలు తర్జనభర్జన అయ్యాక ఒక మాటకొచ్చాం. చెట్లకు దూరంగా, బండ్ల బాట పక్కన, చిన్న యంత్రంతో ఒకే ఒక్క రంధ్రం. గ్రానైటు తగిలితే మిగతా పని యథాప్రకారం, చెట్లు పోతాయి. తగలకపోతే ప్రతిపాదన వెనక్కి. నా రిపోర్టు తప్పని ముందుగా నేను రాతపూర్వకంగా ఇవ్వాలి. జీపు బానెట్ మీద కాగితం పెట్టి అక్కడే రాశాను. "అడుగున ఉన్న పెద్ద గ్రానైటు నుంచి చొచ్చుకొచ్చినవి" కొట్టేసి "ఇక్కడే పుట్టినవి" అని రాశాను. ఒక్క వాక్యం మార్చడానికి ఇరవై ఏళ్లు.

డ్రిల్లు నడిచినన్నాళ్లూ నేను అక్కడే ఉన్నాను. లోపలి నుంచి వచ్చే రాతి కడ్డీలు పెట్టెల్లో పేర్చేవాళ్లు. బూడిద, తెలుపు, నలుపు. మళ్లీ బూడిద, తెలుపు, నలుపు. నూనె తీసే ఆమె రోజూ మేకల్ని తోలుకొచ్చి బాట మీద నిలబడి పెట్టెలు చూసి వెళ్లేది. రెండొందల మీటర్లు దాటాక ఒకరోజు పొద్దున మొత్తం తెల్ల కడ్డీ వచ్చింది. మూర తర్వాత మూర, తెలుపే. డ్రిల్లరు సంతోషంగా తగిలింది మేడం అన్నాడు. ఆఫీసుకు ఫోను చేయడానికి సిగ్నల్ వెతుక్కుంటూ బయల్దేరాడు కూడా. బాట మీద ఆమె నిలబడే ఉంది.

అతన్ని ఆగమన్నాను. తెల్ల కడ్డీ మొదలైన చోటు ముక్క తీసుకున్నాను. బురద పట్టి ఉంది. నీళ్ల డ్రమ్ము దూరంగా ఉంది. నాకాను.

నల్ల అంచు. తెలుపు అయిపోయిన రెండో కొసకు పోయి అదీ నాకాను. అక్కడా ఉంది. అది పోగైన నూనె, బావి కాదు. దాని కింద మళ్లీ అదే బూడిద రాయి మొదలైంది, చివరి మీటరు దాకా అదే. డ్రైవరు ఇదంతా చూసి తల అడ్డంగా ఊపుతూ, "మేడం కూడా షురూ చేసింది" అని గొణిగాడు.

ప్రతిపాదన వెనక్కి పోయింది. నన్ను సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఇంకో రెండు కాగితాలు అడిగారు, అవీ ఇచ్చాను. తర్వాత కొంతకాలానికి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు. ఉందని ఎవరైనా అంటే నాతో వాదించడానికి రావచ్చు, ఇంట్లోనే ఉంటాను.

పోయిన ఏడాది ఇప్పపూలు రాలే రోజుల్లో అటు వెళ్లాను. చెట్ల మీద ఎర్ర నంబర్లు ఇంకా ఉన్నాయి, ప్రభుత్వ రంగు అంత త్వరగా పోదు. తెల్లారకముందే ఆడవాళ్లు బుట్టలతో వచ్చి పూలు ఏరుతున్నారు. ఒకామె ఇంకొకామెను, పదిహేడు నీది కాదు, నీది పద్దెనిమిది అని అరుస్తోంది. ఎవరి చెట్టు ఏదన్న పాత తగాదా ఒకటి ఆ ఊళ్లో ఉండేదట. మా నంబర్లు పడ్డాక తీరిపోయిందట. నంబరు ప్రకారం పంచుకున్నారట.

మా నూనె ఆమె బుట్ట దించి నా పక్కన నిలబడింది.

"నువ్ రాసిన రాతలల్ల గీ నంబర్లే పనికొచ్చినయ్ మేడం."

ఆ నంబర్లు వేసింది నేను కాదు, అటవీశాఖ వాళ్లు. జవాబు నోటిదాకా వచ్చింది. మింగేసి, ఇరవై ఆరో నంబరు చెట్టు కింద ఆమెతో పాటు కూర్చుని పూలు ఏరాను.